సమాజం మెల్లగా తుడవాలి

"ఆ కాగితంలో ఏదో ఒకటి తప్పు రాసుంటావే. రేపు వాళ్ళు పట్టుకుంటారు. పరీక్షకి కూర్చోనివ్వరు. నాలుగేళ్ళ చదువూ గోదాట్లో కలిసిపోద్ది," అంది సత్యవేణి.

అప్పటికి లోవకుమారి కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. కాగితం ఇంకా సంచిలోనే ఉంది. కాగితమంటూ ఒకటి ఉందని ఆ పిల్ల తల్లికి చెప్పనే లేదు. అయితే సత్యవేణికి ఇలాంటివి ఒకరు చెప్పనక్కర్లేదు. రోజూ సంచిని మంచం మీదికి విసిరేసే పిల్ల ఆ రోజు జాగ్రత్తగా మేకుకి తగిలించింది. ఆ మాత్రం చాలు.

ఏడో తరగతితో బడి మానేసినా, రాబోయే కష్టాన్ని ముందే వాసన పట్టడం ఆమెకు వచ్చు. కూతురు నర్సింగులో చేరిన కొత్తలో, సూది వెయ్యడం నేర్చుకునేటప్పుడు పిల్లలు ఒకరినొకరు పొడుచుకుంటారని ఎవరో అంటే మూడు రోజులు అన్నం సహించలేదు. రెండో ఏడు, ఎముకల గూడు వేలాడే గదిలో ఈ పిల్లని మరిచిపోయి తాళం వేసేస్తారేమోనని మెడలో తాయెత్తు కట్టింది. అవేవీ జరగలేదు. జరగకపోవడానికి కారణం తాను ముందుగా భయపడి ఉండడమేనని ఆమె నమ్మకం. ఇంట్లో వంట ఎలాగో, ఇదీ అలా తన వంతు పని.

కాగితం బయటికి వచ్చింది. పైన "భవిష్యత్ లక్ష్య ప్రకటన మరియు సమాజ సేవా సంకల్ప పత్రం" అని అచ్చయి ఉంది. ఆఖరి సంవత్సరం పిల్లలందరూ నింపాలి. పది వారాలు సమాజానికి సేవ చెయ్యాలి. లక్ష్యమూ సేవా రెండూ ఆమోదం పొందితేనే హాలు టికెట్ చేతికిస్తారు.

లక్ష్యం దగ్గర లోవ తన గుండ్రటి అక్షరాలతో "మంచి నర్సునవుతాను" అని రాసింది. సేవ దగ్గర "మా వీధిలో మంగాయమ్మగారి కాలి పుండుకి రోజూ కట్టు మారుస్తాను" అని రాసింది.

మంగాయమ్మ వాళ్ళ పక్కింటి ఆవిడ. మునిసిపల్ బడిలో ముప్పయ్యేళ్ళు గంట కొట్టి, ఉద్యోగం అయిపోయాక షుగరుతో మిగిలింది. కుడి అరికాల్లో రూపాయి బిళ్ళంత పుండు పడి మూడు నెలలయింది. కట్టు రోజూ మార్చకపోతే పాదం దక్కదని పెద్దాసుపత్రి డాక్టరు చీటీ మీద రాసి, కింద రెండు గీతలు గీశాడు. అప్పటినుంచి లోవ కాలేజీ నుంచి రాగానే చేతులు కడుక్కుని ఆ ఇంటికే వెళ్తుంది.

"ఇందులో తప్పేముందమ్మా," అంది లోవ.

సత్యవేణి ఆ రెండు వాక్యాలనూ కూడబలుక్కుని నాలుగుసార్లు చదివింది. ఎంత వెతికినా తప్పు కనపడలేదు. దాంతో ఆమె భయం రెట్టింపయింది.

నాలుగో రోజుకి కాగితం తిరిగి వచ్చింది. రెండు జవాబుల మీదా ఎర్ర సిరా అడ్డంగా గీసి ఉంది. తల్లినో తండ్రినో వెంటబెట్టుకుని రమ్మన్నారు. తండ్రి సూరిబాబుకి రైసు మిల్లులో సెలవు దొరకదు. అదీగాక, ఇలాంటి వాటికి ఇంట్లో అనుభవజ్ఞురాలు సత్యవేణే.

సేవా లక్ష్య విభాగానికి అధిపతి పేర్రాజుగారు. ఆయన గది గోడలకి ఎనిమిది ధ్రువపత్రాలు అద్దాల్లో వేలాడుతున్నాయి. వాటిలో ఒక్కటీ నర్సింగుది కాదు. ఆయన ఎవరితో మాట్లాడినా వాళ్ళ వెనకాల ఇంకో రెండు వందల మంది కూర్చున్నట్టు మాట్లాడతారు. సత్యవేణి కుర్చీ అంచున, లేచిపోవడానికి వీలుగా కూర్చుంది.

"చూడండమ్మా," అన్నారాయన. "నర్సింగ్ కళాశాలలో చదివిన విద్యార్థిని నర్సు కావడమనేది సహజ పర్యవసానం. సహజ పర్యవసానాన్ని లక్ష్యంగా పరిగణించడానికి మా నిబంధనలు అంగీకరించవు. రైలెక్కిన ప్రయాణికుడు 'దిగడమే నా లక్ష్యం' అని ప్రకటిస్తే రైల్వే శాఖవారు ఏమనుకుంటారు?"

ఈ వ్యవహారంలో రైల్వే శాఖవారు కూడా ఉన్నారని తెలిసి సత్యవేణి కుర్చీలోంచి సగం లేచింది. "తప్పేనండి," అంది.

ఇక సేవ సంగతి. కట్టు కట్టడం సిలబస్‌లో ఉంది. సిలబస్‌లో ఉన్నదాన్నే సేవగా చూపిస్తే ఒకే పనిని రెండు ఖాతాల్లో చూపినట్టవుతుంది. ఈ దోషం వల్లే కిందటేడు పక్క జిల్లా కాలేజీవారికి గ్రేడు పడిపోయిందని ఆయన గొంతు తగ్గించి చెప్పారు. కాబట్టి ఈ పది వారాలూ విద్యార్థినులెవరూ సిలబస్‌లోని ఏ పనినీ సమాజంపై ప్రయోగించరాదు. మందివ్వడం, జ్వరం చూడడం, పక్క మీది మనిషిని ఓ వైపుకి తిప్పి పడుకోబెట్టడం, పుండు కడగడం, అన్నీ నిషిద్ధమే. అలవాటుకొద్దీ చేతులు ముందుకు పోయే ప్రమాదం ఉంది గనుక, సేవ చేస్తున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని ఉండాలి. ఇందుకు వేరే ఉత్తర్వు వెలువడింది.

"అయితే ఇంకేం మిగిలింది సార్?" అంది లోవ.

"అవగాహన," అన్నారు పేర్రాజుగారు, కళ్ళు సగం మూసుకుని.

"మరి మంగాయమ్మ మామ్మ కాలండి?"

"ఆ కాలు పట్ల సంస్థకు ప్రగాఢ సానుభూతి ఉంది. సానుభూతి సిలబస్‌లో లేదు. దాన్ని మీరు ధారాళంగా చూపించవచ్చు."

లోవ ఇంకేదో అనబోయింది. సత్యవేణి బల్ల కింద నుంచి కూతురి కాలు తొక్కి, లేచి దండం పెట్టి, ఇద్దరి తరఫునా ఒప్పేసుకుంది. పాదమైతే పెద్దాసుపత్రివాళ్ళు చూసుకుంటారని, హాలు టికెట్ పోతే ఏ ఆసుపత్రీ అతికించలేదని, తల్లి దారంతా నచ్చజెబుతూనే ఉంది. తీరా మర్నాడు తెలిసిందేమిటంటే, పెద్దాసుపత్రి కట్ల గదిలో ఇన్నాళ్ళూ కట్లు కట్టింది ఈ కాలేజీ పిల్లలే. సేవా కాలం వచ్చింది గనుక వాళ్ళని వెనక్కి పిలిపించేశారు. ఇప్పుడక్కడ ఒక్క నర్సమ్మ, గేటు దాకా వరుస.

ముందు లక్ష్యం సంపాదించాలి. సత్యవేణి ఆలోచించి "పెద్ద నర్సు" అని రాయించింది. తిరిగొచ్చింది. "నర్సులకి నర్సు" అని రాయించింది. 'నర్సు' అన్న మాట ఉన్న లక్ష్యాలు పంపవద్దని ఎర్ర సిరా హెచ్చరించింది. తక్కిన పిల్లలకి అప్పటికే మంచి మంచి లక్ష్యాలు కుదిరిపోయాయి. ఒకమ్మాయి ఆసుపత్రుల సముదాయ అధినేత్రి. ఒకమ్మాయి విదేశీ సలహాదారు. ముప్పైరెండు మంది డైరెక్టర్లు. చివరికి పేర్రాజుగారే జాలిపడి, లోవకి తన సొంత నిల్వలోంచి ఒకటి తీసి ఇచ్చారు: "అంతర్జాతీయ శుశ్రూషా దార్శనికురాలు."

అది ఏదో జబ్బు పేరనుకుంది సత్యవేణి. కాదని లోవ చెప్పాక, అయితే ఏ యుద్ధం జరిగే దేశానికో పంపేస్తారని ఆ వారమంతా భయపడింది.

లక్ష్యం ఆమోదం పొందినవాళ్ళు పేరు బిళ్ళ తీసేసి లక్ష్యం బిళ్ళ పెట్టుకోవాలన్నారు. హాజరు కూడా అలాగే పిలిచేవారు. అధినేత్రి వచ్చిందా, వచ్చింది. సలహాదారు ఏది, విరేచనాలతో రాలేదు. లక్ష్యాన్ని ఇప్పటినుంచే జీవించాలని ఇంకో ఉత్తర్వు వచ్చింది. దాంతో హాస్టల్లో ముప్పైరెండు మంది డైరెక్టర్లూ కుర్చీల్లో కూర్చుని ఉండిపోయారు, మంచినీళ్ళ బిందె ఎత్తేవాళ్ళు లేకపోయారు. ఒక రోజు ప్రార్థనలో ఎండకి ఒకమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు తమ తమ బిళ్ళలు చూసుకున్నారు. ముఖాన నీళ్ళు చల్లడం ఎవరి లక్ష్యంలోనూ లేదు. ఆఖరికి గేటు దగ్గరి వాచ్‌మన్ మొక్కలకి నీళ్ళు పోసే గొట్టం పట్టుకొచ్చి తడిపాడు. ఆయనకి లక్ష్యం లేదు.

ఇంతలో అవగాహన వీధిలోకి దిగింది.

అరవై మంది పిల్లలు పది జట్లయ్యారు. పది జట్లకీ ఒక్కో పుండు కావాలి. ఆ వార్డు మొత్తంలో ఫొటోకి ఒప్పుకునే పుండు మంగాయమ్మదొక్కటే. కాబట్టి ఉదయం మూడు జట్లు, సాయంత్రం మూడు జట్లు ఆమె ఇంటిముందుకి వచ్చేవి. వసారాకి బ్యానరు కట్టారు. "పుండును గుర్తిద్దాం, పుండును జయిద్దాం" అని అట్టలు పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి పెట్టుకుని, వీధి చివరి దాకా ఊరేగింపు తీశారు. అట్ట పట్టుకోవడానికి ఒక చెయ్యి సడలిస్తూ అప్పటికే సవరణ వచ్చింది. ప్రతి జట్టూ వెళ్ళేటప్పుడు మంగాయమ్మ చేత "నాకు అవగాహన కలిగినది" అన్న కాగితం మీద సంతకం పెట్టించుకునేది. మొదటి వారంలో ఆమెకు ముప్పైనాలుగు సార్లు కలిగింది.

లోవ వంతు వచ్చినప్పుడు, కట్టు రోజూ మార్చవలసిన ఆవశ్యకత గురించి నలభై నిమిషాలు మాట్లాడింది. ఆ పక్కనే ఐదు రోజుల నాటి కట్టు స్టూలు మీద కూర్చుని విన్నది. మాట్లాడుతున్నంతసేపూ లోవ వెనక చేతుల వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకోవడం సత్యవేణి తన గుమ్మంలోంచి చూసింది.

"ఏవే సత్యవేణీ," అంది మంగాయమ్మ, జనం వెళ్ళిపోయాక. "నా కాలు గురించి ఇప్పుడు ఊళ్ళో తెలియనివాళ్ళు లేరే. నా పెళ్ళిక్కూడా ఇంత మంది రాలేదు. కట్టు మాత్రం మొన్న మీ అమ్మాయి కట్టిందే."

కొన్నాళ్ళు ఆవిడ తానే పాత చీర పీలికతో ఏదో చుట్టుకోబోయింది. అరికాలికి చెయ్యి అందలేదు. రెండో వారం ఆఖర్న సత్యవేణి దోసకాయ కూర గిన్నె పట్టుకుని వెళితే, గడప దాటకుండానే వాసన తగిలింది. కూర అక్కడ పెట్టి ఇంటికొచ్చి, పెరట్లో చాలాసేపు నిలబడింది.

"నువ్వు భయపడ్డావుగా. ఇంకేం కాదులే," అన్నాడు సూరిబాబు, అన్నం కలుపుకుంటూ.

"ఈసారి భయం సరిపోవడం లేదండీ," అంది సత్యవేణి.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఆ మాట అనడం ఆయన వినలేదు. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

మర్నాడు ఆమె లోవకి చెప్పకుండా పేర్రాజుగారికి ఫోన్ చేసింది. ఏం అడగాలో ముందే గ్యాసు పుస్తకం వెనక రాసుకుంది. పిల్లలు ముట్టుకోకూడదు సరే, మరి వేరేవాళ్ళు ముట్టుకుంటే పిల్లల హాలు టికెట్లకి ఏమైనా అవుతుందా అని అడిగింది. వేరేవాళ్ళంటే ఎవరని ఆయన అడిగారు. ఏడో తరగతి దాకా చదివినవాళ్ళని ఆమె చెప్పింది. ఆయన కాసేపు ఉత్తర్వులు తిరగేసిన చప్పుడు వినపడింది.

"తమరు సిలబస్ పరిధిలోకి రారు," అన్నారు పేర్రాజుగారు. "మా నిర్వచనం ప్రకారం తమరు సమాజం. సమాజం ఏం చేసుకున్నా సంస్థకు అభ్యంతరం లేదు."

సత్యవేణికి కూరగాయలు తరిగేటప్పుడు వేలు తెగితేనే కళ్ళు తిరుగుతాయి. ఆ సాయంత్రం ఆమె మంగాయమ్మ ముందు పీట వేసుకుని కూర్చుంది. సెలైన్ సీసా, దూది, గాజు గుడ్డ, ప్లాస్టరు పళ్ళెంలో పెట్టి ఉన్నాయి. లోవ వీధిలో, బ్యానరు పక్కన, ఒక చేత్తో అట్ట పట్టుకుని నిలబడింది. ఆమె చెయ్యదగ్గది ప్రసంగం మాత్రమే గనుక ప్రసంగం మొదలుపెట్టింది.

"సమాజం ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోవాలి," అంది వీధిలోకి చూస్తూ.

సత్యవేణి కడుక్కుంది.

"సమాజం మోచేతుల దాకా కడుక్కోవాలి."

మళ్ళీ కడుక్కుంది.

"పాత కట్టు అంటుకుపోయి ఉంటే సమాజం పీకకూడదు. సెలైన్‌తో తడపాలి. నానాక నిదానంగా తియ్యాలి."

కట్టు వచ్చింది. సత్యవేణి ఒకసారి చూసి గోడవైపు తిరిగి, దేవుణ్ణి తలుచుకుని, మళ్ళీ ఇటు తిరిగింది. దూది తీసుకుంది.

"సమాజం భయపడకూడదు," అంది లోవ. ఆ ఒక్కటీ కొంచెం మెల్లగా అంది. "మధ్యలోంచి బయటికి తుడవాలి. ఒకసారి వాడిన దూది మళ్ళీ వాడకూడదు. సమాజం మెల్లగా తుడవాలి."

"సమాజం బాగానే తుడుస్తోందిలేవే," అంది మంగాయమ్మ. "నువ్వే గొంతు తగ్గించు. చెవులు పోతున్నాయి."

దారిన పోయే జట్టొకటి ఆగి, ఈ ప్రసంగంలో అవగాహన ఎక్కువగా ఉందని మెచ్చుకుని ఫొటో తీసుకుని వెళ్ళింది.

అలా ఎనిమిది వారాలు జరిగింది. మొదటి వారం సత్యవేణి రోజూ కట్టు కట్టి వచ్చి మంచం మీద పడుకునేది. మూడో వారానికి వాసన పోయింది. ఐదో వారానికి పుండు అంచులు ఎర్రబడి దగ్గరికొచ్చాయి. పుండు ఎర్రగా ఉండడం మంచిదని ఆమె జన్మలో మొదటిసారి తెలుసుకుంది. ఏడో వారానికి అది శనగ గింజంతయింది. అప్పటికి లోవ ప్రసంగం బాగా కుదించింది. "ప్లాస్టరు అడ్డంగా," అని మాత్రం అనేది, ఎప్పుడైనా.

పదో వారం ఆఖర్న లక్ష్యాలనూ సేవనూ తూచడానికి పై నుంచి తనిఖీ బృందం వచ్చింది. సభ పెట్టారు. అరవై మంది పిల్లలు బిళ్ళలు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని వరసగా నిలబడ్డారు. ముందు వరసలో సేవ పొందినవాళ్ళని కూర్చోబెట్టారు. మంగాయమ్మ కాలు స్టూలు మీద పెట్టుకుని, తెల్లటి కట్టుతో, పెళ్ళికూతురిలా కూర్చుంది. తల్లిదండ్రులు వెనక బెంచీల మీద. వేదిక మీద బల్లపై ఎర్ర తాడు కట్టిన హాలు టికెట్ల కట్ట. సత్యవేణి దాని మీంచి చూపు తిప్పలేదు. ఫ్యాను గాలికి ఎగిరిపోతాయేమోనని ఆమె భయం.

బృందానికి అధ్యక్షురాలు ఒక పెద్దావిడ. కళ్ళజోడు గొలుసుకి వేలాడేసుకుని, నివేదిక పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగింది.

"'సేవ పొందినవారు కోలుకున్నారా' అని ఇక్కడో గడి ఉంది," అంది. "ఇన్నేళ్ళ తనిఖీల్లో ఈ గడి ఖాళీగా తప్ప చూడలేదు. ఇక్కడ సేవ పొందినావిడే సంతకం పెట్టి 'అవును' అని రాసింది. ఎవరిదీ కాలు?"

మంగాయమ్మ గంట కొట్టే చెయ్యి పైకెత్తింది. అధ్యక్షురాలు వేదిక దిగి వచ్చి, వంగి, కట్టు అంచు వేలితో పైకి ఎత్తి చూసింది. లేచింది.

"ఇది చెయ్యి తిరిగినవాళ్ళు కట్టిన కట్టు. ఎవరు కట్టారు?"

పేర్రాజుగారి ముఖం పాలిపోయింది. కట్టు కట్టడమంటే నిషేధ ఉల్లంఘన. "అవగాహన అత్యున్నత స్థాయికి చేరినప్పుడు మేడమ్," అని మొదలుపెట్టారు, "కట్టు దానంతటదే..." ఆ వాక్యాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాలో ఆయనకే తెలియలేదు. బల్ల దగ్గరికి వెళ్ళి, ఎర్ర తాడు విప్పి, ఆ వీధి పిల్ల ఎవరో చూసి, లోవకుమారి హాలు టికెట్‌ని కట్టలోంచి లాగి విడిగా పెట్టారు. దాని మీద పేపర్ వెయిట్ కూడా పెట్టారు. అరవై తలలూ లోవవైపు తిరిగాయి.

మంగాయమ్మని అడిగితే, తనకు కళ్ళు సరిగా ఆనవని, ఎవరో వీధిలో ఉపన్యాసం ఇచ్చేవారని, ఎవరో కింద తుడిచేవారని, రెండూ చేసింది ఒకరే కాదని మాత్రం చెప్పగలనని అంది.

సత్యవేణి ఇన్నేళ్ళుగా భయపడిన దినం ఇదే. ఎన్నోసార్లు ఊహించుకుంది గనుక గది కూడా తెలిసిన గదిలాగే ఉంది. బెంచీ పట్టుకుని లేచింది.

"నేనండి," అంది.

"మీరెవరమ్మా?"

"సమాజాన్నండి."

అధ్యక్షురాలు పేర్రాజుగారి వైపు చూసింది. ఆయన ఉత్తర్వుల ఫైలు తెరిచారు. తెరిచిన కొద్దీ ఆయన ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. ఈమె సిలబస్ పరిధిలోకి రాదని, ఆ సంగతి ఫోన్లో తానే ధ్రువీకరించానని, కనుక ఉల్లంఘన జరగలేదని, పైపెచ్చు సమాజంలో అవగాహన కలిగిందనడానికి ఇదే నిదర్శనమని సభాముఖంగా ప్రకటించారు. ఆ ఊపులోనే పేపర్ వెయిట్ తీసి, హాలు టికెట్ లోవకి అందించారు. లోవ పది వారాలుగా వెనక్కి కట్టుకున్న చేతులు రెండూ విడదీసి అందుకుంది.

సత్యవేణి కూర్చోబోయింది.

"ఒక్క నిమిషం," అంది అధ్యక్షురాలు. కలం తీసి ఆ గడి పక్కన రాయడం మొదలుపెట్టింది. సేవ చేసినవారి పేరు, సత్యవేణి. హోదా, సమాజం. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది. "భవిష్యత్ లక్ష్యం?"

ఆ గడి ఖాళీగా ఉంటే సేవ లెక్కలోకి రాదని, సేవ లెక్కలోకి రాకపోతే ఆ కాలు కోలుకున్నట్టు కాదని పేర్రాజుగారు పక్కనుంచి వివరించారు.

సత్యవేణి నిలబడింది. ఈ నలభై మూడేళ్ళలో ఆమెను ఏం కూర వండావని అడిగారు, తాళం ఎక్కడ పెట్టావని అడిగారు, ఎందుకలా భయపడి చస్తావని అడిగారు. ఇది ఎవరూ అడగలేదు. ముప్పైరెండు మంది డైరెక్టర్లు, అధినేత్రి, సలహాదారు ఆమెవైపే చూస్తున్నారు. "దార్శనికురాలు, దార్శనికురాలు," అని పేర్రాజుగారు పెదవులతో అందిస్తున్నారు. భవిష్యత్తులోకి ఆమె వెళ్ళిరాని రోజు లేదు. వెళ్ళినప్పుడల్లా బోల్తా పడ్డ బస్సులు, దిగని జ్వరాలు, ఎర్ర సిరా కాగితాలే కనిపించేవి. ఇప్పుడూ వెళ్ళి వెతికింది. చాలాసేపు వెతికింది. బస్సులేవీ లేవు. పళ్ళెంలో దూది, సెలైన్ సీసా, శనగ గింజంత పుండు ఉన్నాయి.

అధ్యక్షురాలు కలం మూత పెట్టేయబోతోంది.

"రేపు పొద్దున్న కట్టు మార్చాలండి," అంది సత్యవేణి.